ఎంత తీయాలో, ఎక్కడ ఆపాలో నేర్పిన మా మేడమ్‌కి

పుచ్చు పన్నులో లేజర్‌తో పని చేయడం దగ్గరుండి నేర్పిన మా సీనియర్ మేడమ్‌కి ధన్యవాదాలు చెప్పుకోవడానికే ఈ పోస్ట్. పేరు రాయొద్దని ఆమే అన్నారు, అందుకే రాయడం లేదు. నేను పళ్ల డాక్టర్‌ని. ఎయిరోటర్ (పన్ను తొలిచే డ్రిల్) మీద చెయ్యి కాలేజీలోనే కుదిరింది. లేజర్ గురించి మాత్రం పుస్తకంలో చదవడమే తప్ప చేత్తో పట్టుకున్నది లేదు. నేర్చుకోవాలని ఉందని అడగ్గానే "పేషంట్లు అయిపోయాక రామ్మా" అన్నారు. ఫీజు మాట ఎత్తనివ్వలేదు.

మొదట ఆమె మెషీన్ ఆన్ చేయలేదు. పీకేసిన పన్ను ఒకటి, స్పూన్ ఎక్స్‌కవేటర్ (పుచ్చు గీకే చిన్న చెంచాలాంటి పరికరం) ఒకటి నా చేతికిచ్చి, పుచ్చు ఎక్కడ అయిపోతోందో చూపించమన్నారు. పైన తడిగా, మెత్తగా ఉన్న పొర దానంతటదే ఊడి వచ్చింది. దాని కింద తోలులా సాగే పొర. ఇంకా కిందకి వెళ్తే గీస్తే కిర్రుమనే గట్టి డెంటిన్ (పంటి పైపొర ఎనామిల్ కింద ఉండే భాగం). "పల్ప్‌కి (పంటి లోపల నరం ఉండే మెత్తటి భాగానికి) దగ్గరగా ఉన్నచోట ఆ తోలు పొరని కొంచెం వదిలేయ్. అంచుల్లో మాత్రం గట్టి పన్ను వచ్చేదాకా శుభ్రం చెయ్. అప్పుడే ఫిల్లింగ్ బిగుతుగా మూసుకుంటుంది. ఇది తెలియకపోతే చేతిలో బర్ (డ్రిల్‌కి పెట్టే ముల్లు) ఉన్నా ఒకటే, లేజర్ ఉన్నా ఒకటే" అన్నారు. ఆమె నేర్పినవాటన్నిటిలో నేను ఎక్కువగా రుణపడి ఉన్నది ఈ మాటకే.

వెనకటికి జి.వి. బ్లాక్ అనే అమెరికన్ పళ్ల డాక్టర్ పద్ధతిలో పుచ్చు లేని పంటి గాడుల్ని కూడా ముందు జాగ్రత్తగా తవ్వేవారు. వెండి ఫిల్లింగ్ పంటికి అతుక్కోదు కాబట్టి, అది ఊడిపోకుండా మంచి పన్నును కూడా కోసి ఆకారం చేయాల్సి వచ్చేది. పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ అతుక్కుంటుంది. అందుకే ఇప్పుడు చెడిన మేరకే తీస్తే చాలు. అలా కొంచెం కొంచెంగా తీసే పనికే ఎర్బియం లేజర్ బాగా పనికొస్తుంది.

అది ఎలా పని చేస్తుందో మేడమ్ చెప్పాకే నాకు పూర్తిగా అర్థమైంది. ఎర్బియం యాగ్ లేజర్ తరంగదైర్ఘ్యం 2940 నానోమీటర్లు, ఎర్బియం క్రోమియం రకానిది 2780. ఈ కాంతిని నీరు బాగా పీల్చుకుంటుంది. పంటిలో ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై, చుట్టూ ఉన్న ఖనిజాన్ని చిన్న చిన్న తునకలుగా ఎగరగొడుతుంది. ఎనామిల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే, నీరు చాలా తక్కువ. డెంటిన్‌లో నీరు ఎనామిల్‌లో కన్నా ఎక్కువ, పుచ్చిన డెంటిన్‌లో ఇంకా ఎక్కువ. అందుకే తక్కువ ఎనర్జీ పెట్టినా పుచ్చు ముందు పోతుంది, మంచి పన్ను నిలబడుతుంది. లేజర్ టిప్‌ని (కాంతి వచ్చే కొనని) పంటికి ఆనించకుండా కాస్త ఎడంగా పట్టుకుని, ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. పుచ్చు మీద ఉన్నప్పుడు చిటపటమనే శబ్దం ఒకలా ఉంటుంది, గట్టి పన్ను తగలగానే మారిపోతుంది. ఆ తేడా నా చెవికి పట్టేదాకా పీకేసిన పళ్ల మీదే చేయించారు. విసుగన్నది ఆమె ముఖంలో ఒక్కసారి కూడా చూడలేదు.

నీటి స్ప్రే విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉండేవారు. 1960లో రూబీ లేజర్ వచ్చిన కొన్నేళ్లకే దాన్ని పళ్ల మీద ప్రయత్నించారు కానీ, వేడికి పన్ను దెబ్బతినేది. 1965లో కోతుల పళ్ల మీద చేసిన పరిశోధనలో పల్ప్ లోపల 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగేసరికే కొన్నిటిలో పల్ప్ చచ్చిపోయింది. "నీళ్లు సరిగ్గా రాకపోతే ఫుట్ పెడల్ మీద కాలు పెట్టకు" అనేవారు. ఆ లేజర్ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లద్దాలు డాక్టర్‌కీ, అసిస్టెంట్‌కీ, పేషంట్‌కీ ముగ్గురికీ ఉండాల్సిందే.

లేజర్ గురించి గొప్పలు చెప్పడం ఆమెకి ఇష్టం ఉండదు. ఎయిరోటర్ కన్నా నెమ్మది. పంటిని తాకదు కాబట్టి చేతికి స్పర్శ తెలియదు, మధ్యమధ్యలో ఎక్స్‌కవేటర్‌తో చూసుకోవాలి. పాత వెండి ఫిల్లింగ్‌ని దీనితో తీయకూడదు. లేజర్ చేశాక కూడా ఎనామిల్‌కి యాసిడ్ ఎచింగ్ (ఫిల్లింగ్ పట్టుకునేలా యాసిడ్‌తో గరుకు చేయడం) మానకూడదు. 2016లో కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని కలిపి పరిశీలించే సంస్థ) సమీక్ష 9 ట్రయల్స్‌ని పరిశీలించింది. పుచ్చు పూర్తిగా తీయడంలో లేజర్ బర్ కన్నా మేలని తేలలేదు. నొప్పి, మత్తు ఇంజెక్షన్ అవసరం తగ్గినట్టు కనిపించింది, అయితే ఆ ఆధారాలు అంత బలమైనవి కావు. పేషంట్‌కి కూడా ఉన్నది ఉన్నట్టు ఇలాగే చెప్పమన్నారు. నేను అలాగే చెబుతున్నాను.

నా మొదటి కేసు ఎయిరోటర్ శబ్దం వింటేనే నోరు బిగించేసే ఒక పాప. దవడ పంటి గాడిలో చిన్న పుచ్చు. మేడమ్ నా పక్కనే స్టూల్ వేసుకుని కూర్చున్నారు. ముందు పాప గోటి మీద గాలి, నీళ్లు వచ్చే సిరంజితో చల్లటి నీళ్లు చిమ్మి, "పంటి మీద కూడా ఇలాగే ఉంటుంది, టపటపా చప్పుడొస్తుంది, అంతే" అని చెప్పారు. మొదలుపెట్టినప్పుడు పాప కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఒక్కొక్క వేలే వదులైంది. మత్తు ఇంజెక్షన్ అవసరం పడలేదు. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు, కావాలంటే ఇవ్వడానికి ట్రేలో సిద్ధంగానే పెట్టుకున్నాం. పుచ్చు మేరకే తీసి, ఎచింగ్, బాండింగ్ (అతికించే ద్రవం పూయడం) చేసి కాంపోజిట్ పెట్టాను. మేడమ్ అద్దం పెట్టి అంచులు చూసి, తల ఊపారు.

సక్షన్ పట్టుకుని ఒక్క చుక్క నీరు గొంతులోకి పోకుండా చూసిన అసిస్టెంట్ అక్కకి, నన్ను నమ్మి పాపని కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్లమ్మగారికి కూడా నా ధన్యవాదాలు.

మేడమ్, పాత వెండి ఫిల్లింగ్ పక్కనే కొత్తగా పుచ్చు పట్టిన కేసు ఒకటి వచ్చింది. ఎక్స్‌రే తీసి పెట్టాను. మీకు వీలున్నప్పుడు తెచ్చి చూపిస్తాను.