శనివారం జంప్‌కు వచ్చేవారికి: ఏఏడీ గురించి

సభ్యులందరికీ నమస్కారం. తొలిసారి పారాచూట్లు మడిచి పెట్టుకునే సొంత సంచి, అంటే రిగ్‌తో దూకబోతున్నవారు, ఆపదలో రిజర్వ్ పారాచూట్‌ను దానంతట అదే తెరిపించే ఏఏడీ (ఆటోమేటిక్ యాక్టివేషన్ డివైస్) పరికరం ఎలా పనిచేస్తుందో ముందే తెలుసుకోవాలని మనవి.

జర్మనీకి చెందిన ఎయిర్‌టెక్ 1991లో తెచ్చిన సైప్రస్ వీటిలో బాగా పేరున్నది. ఫోన్లలో ఉండే బారోమీటర్ మాదిరిగానే ఇదీ గాలి పీడనాన్ని బట్టి ఎత్తును, కిందికి దిగే వేగాన్ని లెక్కగడుతుంది. ఎక్స్‌పర్ట్ రకంలో, నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తుకు వచ్చాక కూడా మనిషి సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతున్నట్టు తేలితే, చిన్న మందుగుండుతో నడిచే కట్టర్ రిజర్వ్‌ను మూసి ఉంచే సన్నని దారపు లూప్‌ను తెంచేస్తుంది. ఆ వెంటనే స్ప్రింగ్ ఉన్న పైలట్ చ్యూట్ అనే చిన్న పారాచూట్ బయటికి ఎగిరి రిజర్వ్‌ను లాగుతుంది. పారాచూట్ తెరవకుండా బోర్లా పడుతున్న మనిషికి ఆ ఎత్తు నుంచి నేల దాదాపు నాలుగు సెకన్ల దూరమే కాబట్టి, దీన్ని నమ్ముకొని హ్యాండిల్ లాగడం ఆలస్యం చేయడం ఎంతమాత్రం తగదు. పైగా ఇది చిక్కుబడిన ప్రధాన పారాచూట్‌ను, అంటే మెయిన్‌ను వదిలించదు, ఆ పని మన చేతులదే.

ఆన్ చేసినప్పుడు ఉన్న పీడనాన్నే అది నేలమట్టంగా తీసుకుంటుంది. అందువల్ల ఇంట్లోనో దారిలోనో ఆన్ చేయకుండా, దూకే మైదానమైన డ్రాప్‌జోన్‌కు చేరాక నేల మీదే ఆన్ చేయండి. మధ్యలో రిగ్‌తో కారులో బయటికి వెళ్లి వస్తే ఆపి, మళ్లీ ఆన్ చేయండి. విమానం ఎక్కాక మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.