జనరల్ సర్జరీలో చేరాను. కొందరికి థాంక్స్ చెప్పాలి

"ఆడపిల్లవి, స్కిన్ తీసుకోవచ్చుగా, రాత్రి డ్యూటీలుండవు." స్కిన్ అంటే చర్మవ్యాధుల విభాగం. ఈ సలహా ఇవ్వనివాళ్లు లేరు. అయినా జనరల్ సర్జరీలోనే చేరానంటే కొందరి చలవ. నలుగురి ముందూ వాళ్ల మాట చెప్పాలని ఈ పోస్టు.

ముందుగా మా యూనిట్ మేడమ్. "నువ్వు చేయగలవు" అని ఆవిడ ఎప్పుడూ అనలేదు, పని చెప్పేవారు. ఓసారి లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) కేసులో కెమెరా పట్టుకుని నిలబడ్డాను. భుజాలు పీకేస్తున్నా పంటి బిగువున ఓర్చుకుంటున్నాను. గమనించి, టేబుల్ దింపించి, నా కాళ్ల కింద స్టూలు వేయించారు. "మోచేతులు పైకి లేవకూడదు. నొప్పి ఓర్చుకోవడం ట్రైనింగ్ కాదు" అన్నారు. కుట్లకు బదులు పిన్నులు వేసే సర్జికల్ స్టేప్లర్ ఒంటిచేత్తో నొక్కలేకపోతే రెండు చేతులూ వాడమన్నారు. ఆ పరికరాల్లో చాలావాటిని పెద్ద చేతుల కొలతకే చేశారు మరి! సిస్టర్ కూడా అడక్కుండానే నా చిన్న చేతులకు సరిపోయే ఆరో నంబరు గ్లోవ్స్ తీసిపెట్టేవారు.

వర్జీనియా ఆప్గార్ గురించి చెప్పిందీ మేడమే. పుట్టగానే బిడ్డ పరిస్థితి ఎలా ఉందో చూసి స్కోరు వేసే పద్ధతిని 1952లో ఇచ్చిన ఆవిడ మొదట సర్జరీలో శిక్షణ పొందారు. ఆడవాళ్లకు ఇందులో నిలదొక్కుకోవడం కష్టమని ఆవిడ చీఫ్ అలెన్ విపుల్ మత్తు విభాగం వైపు మళ్లించారు. ఈ కథని "అంతా మన మంచికే" అన్నట్టు చెబుతుంటారు. మేడమ్ మాత్రం, "సర్జరీకి ఎంత నష్టమో ఎవరైనా లెక్క కట్టారా?" అన్నారు.

పెళ్లి, పిల్లల సంగతి అడగడానికి మొహమాటపడుతుంటే, ట్రైనింగ్‌లో ఉండగానే తల్లి అయిన ఓ సీనియర్ అక్కతో మాట్లాడించారు. ఎక్స్‌రే వాడే కేసుల్లో రేడియేషన్ తగలకుండా వేసుకునే లెడ్ (సీసపు) ఏప్రాన్ సంగతి, సెలవు ముందే ఎవరికి చెప్పాలి, పరీక్ష వెనక్కి జరిగితే ఏమవుతుంది, అన్నీ దాపరికం లేకుండా చెప్పింది. "అంతా బాగుంటుంది" అనే ఓదార్పుల కన్నా నా టెన్షన్ తగ్గించింది ఆ అరగంటే.

డ్రాయర్ హ్యాండిల్‌కి దారం కట్టి ముడులు నేర్పిన సీనియర్ అన్నకీ రుణపడి ఉన్నాను. ముడి జారితే నవ్వకుండా మళ్లీ వేయించేవాడు.

సర్జరీ తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్న చెల్లెళ్లెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. డ్యూటీలో ఉంటే జవాబు ఆలస్యమవుతుంది, కానీ తప్పకుండా ఇస్తాను. ఆ అక్క కూడా మాట్లాడతానంది.