వరద నష్టాన్ని మూడు నెలల తరవాత మరోసారి లెక్కించాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

విజయవాడలో బుడమేరు వాగు ముంపునకు గురైన పాత ఇళ్ల మరమ్మతుల గురించి, ఆ నష్టాన్ని అంచనా వేసే పద్ధతిలో ఉన్న ఒక పెద్ద లోపం గురించి మీ పత్రిక ద్వారా పాలకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు కట్టకు గండ్లు పడి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలన్నీ మునిగిన సంగతి అందరికీ తెలిసిందే. గండ్లు పూడ్చారు, నీళ్లు తీశాయి, వీధుల్లో బురద ఎత్తిపోశారు, సాయమూ పంచారు. దానితో వరద కథ ముగిసిందని పత్రికలూ ప్రభుత్వమూ భావించాయి గాని, పాత ఇళ్లలో ఉండేవాళ్లకు అసలు ఖర్చు అక్కడినుంచే మొదలయింది.

మాది 1972లో మా నాన్నగారు కట్టించిన ఇల్లు. గానుగ సున్నంతో కట్టిన తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, నాపరాళ్ల నేల, టేకు ద్వారబంధాలు. గోడలు గరుకుగా ఉన్నాయని 1990ల్లో నేనే వాటికి సిమెంటు పూత వేయించాను. వరదలో ఇంట్లో నాలుగడుగుల నీళ్లు ఆరు రోజులు నిలిచాయి. నీళ్లు తీశాక ఇల్లు కడిగి చూసుకుంటే గోడల మీద నడుమెత్తున ఒక నల్లటి చార తప్ప పైకి పెద్ద నష్టమేమీ కనిపించలేదు. నష్టం రాసుకునేందుకు వచ్చిన సిబ్బంది కూడా గుమ్మంలో నిలబడి, ఇల్లు నిలిచే ఉంది కదా అని, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో మాత్రం రాసుకుని వెళ్లారు. వారిని తప్పు పట్టను. ఆ రోజున అంతకన్నా చూడడానికి ఏమీ లేదు.

దసరాకు ఇల్లు శుభ్రంగా ఉండాలని, చేతికందిన సాయం డబ్బులోంచి 22,000 రూపాయలు పెట్టి రంగులు వేయించాము. మా వీధిలో దాదాపు అందరూ అలాగే చేశారు. ఏళ్లుగా మా ఇంటి పనులు చూస్తున్న తాపీ మేస్త్రి మాత్రం గోడ మీద అరచెయ్యి ఆనించి, ‘మాస్టారూ, గోడ కడుపులో ఇంకా నీళ్లున్నాయండీ, సంక్రాంతి దాకా ఆగండి’ అన్నాడు. నేను వినలేదు. కార్తీక మాసం వచ్చేసరికి రంగు పొక్కులు కట్టింది. సంక్రాంతికి పూత బోలుగా మోగడం మొదలయి, పొద్దున్నే లేచి చూస్తే గోడ వారన నేల మీద పిండి చల్లినట్టు తెల్లటి ఉప్పు రాలి ఉండేది. ఊడ్చిన చోటే మర్నాటికి మళ్లీ రాలేది. నాపరాళ్ల కింద ఇసుక కుంగి, కాలు మోపితే రాయి కదిలి చప్పుడయ్యేది. రెండు ద్వారబంధాలు ఉబ్బి తలుపులు మూసుకోవడం మానేశాయి. గోడలోపల వేసిన వైరింగు తడిసి, స్విచ్చి ముట్టుకుంటే జిల్లుమని షాకు కొట్టేది.

ఇవన్నీ బాగుచేయించడానికి మాకు అయిన ఖర్చు ఇది. అయిదడుగుల ఎత్తు వరకు పాత పూత ఇటుక కనిపించేదాకా గీకి, ఆరనిచ్చి, మళ్లీ పూత వేయడానికి 62,000 రూపాయలు. నేల ఎత్తి ఇసుక నింపి మళ్లీ పరచడానికి 41,000, ద్వారబంధాలకూ తలుపులకూ 34,000, వైరింగుకు 28,000, రెండోసారి రంగులకు 23,000. మొత్తం 1,88,000 రూపాయలు, వృథాగా పోయిన మొదటి రంగుల డబ్బు కాకుండా. ఇందులో పైసా కూడా నీళ్లు తీసిన వారంలో రాసుకున్న లెక్కలో లేదు, ఉండే అవకాశమూ లేదు.

పాత ఇళ్లకే ఈ బాధ ఎందుకు ఎక్కువో చెప్పాలి. సున్నం కట్టుబడి గోడ నీటిని పీలుస్తుంది, గాలి తగిలితే దాన్ని వదిలిపెడుతుంది కూడా. ఆ గోడకు రెండువైపులా సిమెంటు పూత వేసి, దాని మీద నీరు పట్టని రంగులు కొడితే లోపలి చెమ్మకు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. అప్పుడది గోడలోనే పైకి పాకి, ఇటుకలోనూ వరద నీటిలోనూ ఉన్న లవణాలను మోసుకొచ్చి పూత వెనక పేరుస్తుంది. ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బినప్పుడు పూత పెచ్చులుగా ఊడుతుంది. పాత స్లాబుల సంగతీ ఇంతే. చెమ్మ లోపలి ఇనుముకు తగిలితే తుప్పు పట్టి, ఆ తుప్పు కాంక్రీటును పగలదీయడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లే పడుతుంది. అంటే నష్టం జరిగే రోజు వేరు, అది కనిపించే రోజు వేరు.

మన సహాయ నిబంధనలేమో మొదటి రోజునే చూస్తాయి. రాష్ట్ర విపత్తు సహాయ నిధికి కేంద్రం నిర్దేశించిన 2022-23 నుంచి 2025-26 వరకు ఉన్న ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు ఇస్తారు. పాక్షికంగా దెబ్బతింటే, అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే, 6,500 రూపాయలు. కప్పు పడకుండా, గోడ కూలకుండా లోలోపల పుచ్చిపోయే ఇంటికి ఆ 15 శాతాన్ని ఎక్కడ కొలుస్తారు? విజయవాడ ముంపులో రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రమాణాన్ని దాటి, నీటమునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తుల వారికి 10,000 రూపాయల చొప్పున ఇచ్చింది. ఇది నిజంగా మెచ్చుకోదగిన నిర్ణయమే. ఆ డబ్బుతోనే మా వీధిలో చాలామంది మళ్లీ పొయ్యి వెలిగించుకున్నారు. కాని నిన్నగాక మొన్న కట్టిన ఇల్లూ, 50 ఏళ్ల సున్నపు గోడల ఇల్లూ ఆ లెక్కలో ఒకటే అయిపోయాయి.

అందువల్ల నా విన్నపం ఒక్కటే. ముంపు జరిగిన ప్రతి ప్రాంతంలోనూ నీళ్లు తీసిన మూడు నెలలకు పాత ఇళ్లను రెండోసారి పరిశీలించి, అప్పుడు బయటపడిన నష్టానికి మరమ్మతుల సాయం విడిగా ఇవ్వాలి. దీనికి కొత్త ఉద్యోగులు అక్కర్లేదు. మన వార్డు సచివాలయాల్లో సివిల్ ఇంజినీరింగ్ చదివిన కార్యదర్శులు ఉన్నారు. మొదటి విడత జాబితా వారి దగ్గరే ఉంటుంది కనుక, దానిలోంచి 30 ఏళ్లు దాటిన ఇళ్లను వేరుచేసి, సుత్తి పిడితో పూత తట్టి చూసి, నేలా వైరింగూ పరీక్షించి రాసుకుంటే చాలు. మొదటి సాయం ఇచ్చే రోజునే, గోడలు ఆరేదాకా పూతలూ రంగులూ వేయించవద్దని ఒక కాగితం ముక్క చేతిలో పెట్టినా నాలాంటి వారికి 22,000 మిగిలేవి. పైన చెప్పిన కేంద్ర ప్రమాణాల కాలం 2025-26 వరకే కాబట్టి, కొత్త ప్రమాణాల్లో ఆలస్యంగా బయటపడే నష్టానికి ఒక పద్దు చేర్చాలని మన రాష్ట్రం గట్టిగా అడగడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు.

సాయం ఎంత ఇచ్చినా మొత్తం ఖర్చుకు సరిపోదని నాకు తెలుసు. మిగతాది అప్పు చేయాలి. అక్కడా పాత ఇంటికి చిన్నచూపే. పాత ఆదాయపన్ను విధానంలో, సొంతంగా ఉండే ఇల్లు కొన్నా కట్టినా గృహరుణ వడ్డీలో ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు మినహాయింపు ఉంది. అదే ఇంటి మరమ్మతుకు అప్పు తీసుకుంటే ఆ పరిమితి 30,000 రూపాయలే. కొత్త విధానంలో సొంత ఇంటికి అసలు లేనే లేదు. ఇల్లు కట్టుకునేవాడికి ఇచ్చే ప్రోత్సాహం ఉన్న ఇంటిని నిలబెట్టుకునేవాడికి ఎందుకు ఉండకూడదు? 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం కొంత ఊరటే గాని, మరమ్మతుల్లో సిమెంటు పాలు తక్కువ, కూలి పాలు ఎక్కువ.

బీమా విషయంలో తోటి పాఠకులకు ఒక మాట. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకు బీమా చేసే సంస్థలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఇవ్వాల్సి ఉంది. వరద ముంపు నష్టం దాని పరిధిలోకి వస్తుంది. కాలక్రమంలో జరిగే అరుగుదల రాదు. మా వీధిలో ఈ పాలసీ ఉన్న ఇల్లు నాకు ఒక్కటీ కనిపించలేదు, మాదీ అంతే. తీసుకున్నవారు మాత్రం ముంపు జరిగిన వెంటనే ప్రతి గోడకూ నీటి చార కనిపించేలా తేదీతో ఫొటోలు తీసి ఉంచుకోవాలి. అది లేకపోతే మూడు నెలల తరవాత ఊడిన పూత వరద వల్ల ఊడిందా, వయసు వల్ల ఊడిందా అన్న వాదన మొదలవుతుంది.

మరొక్క విషయం. మా వీధి రోడ్డును పాతది తవ్వకుండా దాని మీదే ఇప్పటికి మూడుసార్లు వేశారు. మా నాన్నగారు కట్టించినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవాళ్లం, ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళుతున్నాం. వరద రాని ఏళ్లలో కూడా గట్టి వాన పడితే వీధి నీళ్లు మా వసారాలోకే వస్తాయి. 1,88,000 రూపాయలు పోసి ఆరబెట్టుకున్న గోడలు ఈ లెక్కన ఎన్ని వానాకాలాలు పొడిగా ఉంటాయి? కొత్త రోడ్డు వేసేముందు పాత పొరను తవ్వి తీసేయాలన్న నియమాన్ని ముంపు కాలనీల్లోనైనా తప్పనిసరి చేయాలని, ఇళ్ల గడపల ఎత్తు చూశాకే రోడ్డు మట్టం నిర్ణయించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సింగ్‌నగర్, విజయవాడ.