సుమారు 1500 నాటిదని చెప్పి అమ్మిన వెనిస్ గాజు గిన్నె: నా డబ్బు వాపస్ ఇవ్వండి

కస్టమర్ సపోర్ట్ వాళ్ళకి నమస్తే అండి,

మీ సపోర్ట్ టీం హైదరాబాద్‌లో ఉన్నట్టుంది, పోయినసారి ఫోన్ ఎత్తిన అమ్మాయి నా పేరు వినగానే తెలుగులోకి దిగిపోయింది, అందుకే ఈసారి తెలుగులోనే రాస్తున్నా, ఇంగ్లీషులో పెట్టిన మెయిల్స్‌కి ఎలాగూ ఒకటే టెంప్లేట్ రిప్లై వస్తోంది. నేనుండేది లండన్‌లో. మీ యూరోపియన్ గ్లాస్ వేలంలో పొట్టి కాలున్న గిన్నె ఒకటి కొన్నాను. క్యాటలాగ్‌లో బోల్డ్ అక్షరాల్లో వెనిస్, సుమారు 1500, ఎనామెల్ (గాజు మీద వేసి కాల్చి అతికించే రంగు), బంగారం పని అని వేశారు. హ్యామర్ ధర, అంటే వేలంలో పలికిన ధర, 9,200 పౌండ్లు, దాని మీద మీ కమిషన్, అదే 25 శాతం ప్రీమియం, కలిపితే 11,500, వ్యాట్ షిప్పింగ్ వేరే. ఆ గిన్నె 1500 నాటిది కాదు. అదీ నా కంప్లైంట్.

ఎలా తెలుసు అంటారా, చెప్తాను. గిన్నె అంచు చుట్టూ బంగారు పట్టీ, దాంట్లో చేప పొలుసుల డిజైన్, ఒక్కో పొలుసులో ఒక్కో ఎనామెల్ చుక్క, ఎరుపు నీలం ఆకుపచ్చ తెలుపు. ఆ కాలంలో వెనిస్ పక్కనున్న మురానో దీవి గాజు పనివాళ్ళు ఇది చేసే పద్ధతి వేరు, పల్చటి బంగారు రేకు అతికించి, సన్నటి మొనతో గీకి పొలుసుల గీతలు తీసేవాళ్ళు, తర్వాత చుక్కలు పెట్టి మళ్ళీ కొలిమి వేడికి పట్టేవాళ్ళు. భూతద్దంలో చూస్తే రేకు చిట్లిన సన్న సన్న పగుళ్ళు, గీకిన గీత అంచులు కనపడాలి. మీ గిన్నెలో బంగారం బ్రష్‌తో పూసింది. గీత మొదలయ్యే చోట లావుగా, పోనుపోను సన్నగా, చివర చిన్న బొట్టు, ప్రతి పొలుసుకీ అదే వరస. పది రెట్లు చూపించే లూప్ అనే చిన్న భూతద్దం చాలు దీనికి, ల్యాబ్ కూడా అక్కర్లేదు.

అయినా ల్యాబ్‌కీ ఇచ్చాను, నా డబ్బుతోనే. ఇక్కడ పాత వస్తువుల్ని కాపాడే కన్జర్వేటర్ ఒకరు ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే ఎక్స్‌రే మెషీన్ పెట్టి చూశారు, గాజుకి గీత కూడా పడదు, ఏ మూలకాలున్నాయో చెప్పేస్తుంది. ఆకుపచ్చ చుక్కల్లో క్రోమియం వచ్చింది. ఒక్క చుక్కలో కాదు, చూసిన ప్రతి ఆకుపచ్చ చుక్కలో. క్రోమియం అనే లోహాన్ని వోక్లాన్ అనే ఫ్రెంచ్ కెమిస్ట్ కనిపెట్టిందే 1797లో, 1500లో ఆకుపచ్చ కావాలంటే రాగి వేసేవాళ్ళు. మూడొందల ఏళ్ళ తర్వాత కనిపెట్టబోయే రంగుని మురానోలో ముందే వాడేశారని మీ స్పెషలిస్ట్ గారు నమ్మితే ఆయన ఇష్టం, నా 11,500 పౌండ్ల మీద మాత్రం ఆ నమ్మకం పెట్టొద్దు.

ఆయన పంపిన జవాబు చూసి నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. గాజులో బుడగలున్నాయి, అడుగున పాంటిల్ మచ్చ (తయారుచేసేటప్పుడు గిన్నెని పట్టుకున్న ఇనుప కడ్డీ వదిలే మచ్చ) ఉంది, బంగారం అక్కడక్కడా అరిగింది, కాబట్టి పాతదే అట. అయ్యా, చేత్తో ఊది చేసిన గాజులో బుడగలు ఎప్పుడైనా వస్తాయి, పాంటిల్ కడ్డీ విరగ్గొట్టిన మచ్చ పోయిన వారం చేసిన గిన్నెకి కూడా ఉంటుంది. 1860ల నుంచి సాల్వియాటీ లాంటి గాజు వ్యాపారులు మురానోలోనే పాత మోడల్స్‌ని మళ్ళీ చేయించారు, చాలా బాగా చేయించారు, ఆ కాపీలకి కూడా ఇప్పుడు నూట యాభై ఏళ్ళ అరుగుదల ఉంది. నా గిన్నె అలాంటిదే అని నా అనుమానం. వస్తువు మంచిదే, పంతొమ్మిదో శతాబ్దం అని రాసి ఆ ధరకి అమ్మి ఉంటే నాకు ఏ పేచీ ఉండేది కాదు.

మీ మేనేజర్ ఒకాయన ఫోన్లో అన్నారు, చూడ్డానికి ఒకేలా ఉన్నప్పుడు అంత పట్టింపు ఎందుకు సార్ అని. ఎందుకో చెప్తాను, యాంటిక్స్ అమ్మే కంపెనీకి కస్టమర్ చెప్పాల్సి రావడమే విడ్డూరం. 1291లో అగ్నిప్రమాదాల భయంతో వెనిస్ వాళ్ళు కొలుములన్నీ మురానో దీవికి పంపేశారు, అక్కడే పదిహేనో శతాబ్దం మధ్యలో ఆంజెలో బరోవియర్ అనే గాజు నిపుణుడి కాలంలో క్రిస్టాలో అనే రంగులేని గాజు వచ్చింది. టిచీనో నదిలో ఏరిన తెల్ల రాళ్ళ పొడి, సిరియా వైపు నుంచి ఓడల్లో వచ్చిన మొక్కల బూడిద, ఆ బూడిదని నీళ్ళలో మరగబెట్టి వడగట్టి శుద్ధి చేసేవాళ్ళు, పచ్చఛాయ పోవడానికి కాస్త మాంగనీస్. ఇంత చేసినా పూర్తిగా తెల్లగా రాదు, వెలుతురుకి పెడితే కొంచెం బూడిద ఛాయో గడ్డి రంగో తగుల్తుంది. ఆ ఛాయ కోసమే మాలాంటి పాత గాజు పిచ్చోళ్ళం చస్తాం. అప్పటి మనిషి ఎంత దూరం రాగలిగాడో, ఎక్కడ ఆగిపోయాడో అందులో ఉంటుంది. పైగా బూడిదని మరీ శుద్ధి చేస్తే గాజుని గట్టిగా ఉంచే సున్నం కూడా పోతుంది, అందుకే కొన్ని ముక్కలు గాలిలో తేమకి చెమట పట్టి, లోపల వెంట్రుకవాసి పగుళ్ళతో మసకబారిపోతాయి. అయిదొందల ఏళ్ళు అవన్నీ తప్పించుకుని మిగిలిన గిన్నె అంటే మరి ఊరికే కాదు కదా. 1868లో ఫెలిక్స్ స్లేడ్ అనే సేకర్త తన గాజు అంతా బ్రిటిష్ మ్యూజియంకి రాసిచ్చి పోయాడు, ఖాళీ దొరికినప్పుడల్లా నేను వెళ్ళి ఆ అద్దాల బీరువాల ముందు నిలబడేది అందుకే, మా ఆవిడ తిట్టుకుంటూనే వస్తుంది. చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోప్ గాజు చూసి పట్టిన పిచ్చి ఇది, కాపీతో తీరేది కాదు.

ఇంకో సంగతి. దుమ్ము ఎలా తుడవాలి అని అడిగితే గోరువెచ్చని నీళ్ళు, డిష్ సోప్ అని మీ వాళ్ళు మెయిల్ పెట్టారు. దయచేసి ఆ టెంప్లేట్ తీసేయండి, నిజంగా అలాంటి పాత గాజు ఉన్నవాళ్ళు అది నమ్మి కడిగితే బంగారం లేచిపోవచ్చు, గాజు కూడా పాడవ్వొచ్చు. ప్యాకింగ్ గురించి చెప్పను, టేప్ నేరుగా అంచుకి తగిలించారు అంటే చాలు.

రిటర్న్ గడువు పద్నాలుగు రోజులే, అయిపోయింది అని మళ్ళీ రాయకండి. అది మనసు మార్చుకున్న వాళ్ళకి. మీ టర్మ్స్‌లోనే బోల్డ్‌లో వేసిన కాలం తప్పని తేలితే అయిదేళ్ళ లోపు డబ్బు వాపస్ అని ఉంది, పేజీ స్క్రీన్‌షాట్, ఎక్స్‌ఆర్‌ఎఫ్ రిపోర్ట్, లూప్ ఫోటోలు అన్నీ జత చేశాను. నాకు కావాల్సింది హ్యామర్ ధర, ప్రీమియం, వ్యాట్, షిప్పింగ్, టెస్ట్ ఖర్చు, మొత్తం. మీ సైట్‌లో ఆ లాట్ (వేలం వస్తువు) పేజీలో తేదీ కూడా సరిచేయాలి, లేకపోతే రేపు ఇంకొకరు ఆ ధర చూసి ఇంకో కాపీ కొంటారు. యూరోపియన్ ప్రైవేట్ కలెక్షన్ అని రాశారు కదా, అంతకు ముందు ఎవరి దగ్గర ఉందో చూపించే కాగితం ఒక్కటైనా ఉంటే పంపండి.

ఈ నెలాఖరు దాకా చూస్తాను, తర్వాత ఇక్కడి స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల) కోర్టుకి ఇది ఎక్కువ మొత్తం అన్నా సరే లాయర్‌తోనే వెళ్తాను. గిన్నె యాసిడ్ లేని పేపర్‌లో చుట్టి పెట్టా. పికప్‌కి మాత్రం గాజు ప్యాక్ చేయడం తెలిసిన మనిషిని పంపండి, మామూలు కొరియర్ వస్తే ఇవ్వను.

ఇట్లు,
మీ కస్టమర్ (లాట్, ఇన్‌వాయిస్ నంబర్లు జత చేసిన ఫైల్‌లో ఉన్నాయి)