పాట సరే, పద్దు ఏది?

సంపాదకులకు నమస్కారం.

తండ్రి పోయిన ఇంటిని పదహారేళ్ల పిల్లాడు నెట్టుకొచ్చే కథలు మన తెరకు కొత్తేమీ కాదు. చాలావాటిలో దహనం కాగానే పాట అందుకుంటారు. మొదటి చరణంలో కుర్రాడి చేతిలో పుస్తకం, రెండో చరణానికి ఆటో హ్యాండిల్. ఆ నాలుగు నిమిషాల్లో కొట్టుకుపోయేదే అసలు కథ అని నా అభియోగం.

జపాన్ దర్శకుడు హిరోకజు కొరీడ 2004లో తీసిన ‘నోబడీ నోస్’ చూడండి. తల్లి కొంత డబ్బు పెట్టి వెళ్లిపోతుంది. పన్నెండేళ్ల అకీరా మీద తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్లు పడతారు. 1988లో టోక్యోలో బయటపడ్డ ఉదంతం దీనికి ప్రేరణ. ఏడుపులు చాలా తక్కువ. ఉన్నదంతా ఖర్చుల లెక్క, కట్టని బిల్లులు, కరెంటూ నీళ్లూ ఆగిపోయాక పార్కు కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కోవడం. కొత్త సంవత్సరానికి పిల్లలకు కవర్లో డబ్బు పెట్టివ్వడం అక్కడి ఆచారం. అది అమ్మే పంపిందని అకీరా చిన్నవాళ్లను నమ్మించాలి. తన దస్తూరీ అయితే దొరికిపోతాడు. అందుకని దుకాణంలో పనిచేసే అమ్మాయి చేత కవర్ల మీద పేర్లు రాయిస్తాడు. ఇంటి పెద్దరికమంటే ఏమిటో ఆ కవర్లు చెప్పినంతగా ఏ డైలాగూ చెప్పలేదు. పోలీసులకు చెప్పొచ్చుగా అంటారా? చెబితే నలుగురినీ విడదీస్తారని వాడి భయం. ఆ ఒక్క కారణంతో కథ మొత్తం నిలబడింది.

మన ఇళ్లలో ఇలాంటి ముడిసరుకు తక్కువా? మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో అవుతుంది. అదీ దాటితే ఏడాదిలోపు అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఆ మరణ ధ్రువపత్రం చేతికి రానిదే బ్యాంకు డబ్బు కదలదు, బీమా కదలదు. ఖాతాకు నామినీ లేకపోతే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి. ఈలోగా రీఛార్జి లేక నాన్న సిమ్ ఆగిందంటే ఓటీపీలు ఆగినట్టే. గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు మెసేజీ అన్నీ ఆ నంబరుకే. కార్డూ పిన్నూ తెలుసు కదా అని బ్యాంకుకు చెప్పకుండా ఏటీఎంలో డబ్బు తీసుకునే ఇళ్లున్నాయి. రేపు వారసుల మధ్య పేచీ వస్తే బాబాయి మొదట అడిగేది ఆ డబ్బు లెక్కే. విలన్ కోసం వేరే ఊరు వెళ్లక్కర్లేదు.

ఆటో సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం ప్రకారం 50 సీసీ లోపు మోటారు సైకిలుకు 16 ఏళ్లు, మిగతా వాటికి 18, రవాణా వాహనానికి 20 నిండాలి. మైనరు నడుపుతూ నేరం చేస్తే సంరక్షకుడికో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. జాలిపడి ఆటో ఇచ్చిన పక్కింటి మామయ్యను హీరో ఏ చిక్కులో పెడుతున్నాడో మన రచయితలకు పట్టదు. దారిద్య్రరేఖ దిగువ కుటుంబంలో 18–59 ఏళ్ల సంపాదనాపరులు చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకసారి 20,000 వస్తుంది. అర్హులైన పిల్లలకు మిషన్ వాత్సల్య (కేంద్రం పిల్లల సంరక్షణ పథకం) స్పాన్సర్‌షిప్ నెలకు 4,000. ఈ దరఖాస్తు పెట్టే సన్నివేశం ఒక్కటైనా రాస్తే, చూసేవాళ్లలో ఎవరికో పనికొస్తుంది.

ఇక ఆ పాత్ర వేసే పిల్లల విషయం. 14 ఏళ్ల లోపు వాళ్లను షూటింగుకు తీసుకోవాలంటే 2017 నాటి బాలకార్మిక నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తప్పనిసరి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. (మిగతా 80 శాతం ఏ ఇంటి అప్పుకు పోతుందో అది వేరే సినిమా.) కొరీడ తన చిత్రాన్ని ఏడాది పొడవునా, రుతువు మారినప్పుడల్లా విడతలుగా తీశాడు, అకీరాగా వేసిన యూయా యాగిరా 14 ఏళ్లకే కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. మీ సినిమా పేజీలో ఇలాంటి చిత్రాలను సమీక్షించేటప్పుడు, పిల్లలు బాగా ఏడ్చారా లేదా అన్నదానితో పాటు, వాళ్లను ఎన్ని గంటలు పని చేయించారో, డిపాజిట్ వేశారో లేదో కూడా నిర్మాతను అడిగి రాయండి.

– ఒక పాఠకురాలు, ఏలూరు