మా తమ్ముడికి పడింది ఐదేళ్లా, ఎనిమిదేళ్లా? హోం శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పల్లె. కుట్టు మిషన్ మీద బతుకుతున్నాను. గట్టు తగాదాలో మా తమ్ముడు పక్క పొలం ఆయన్ని కొడవలితో కొట్టాడు. వాడు తప్పు చేయలేదని నేను అనను. దెబ్బ తిన్న ఆయన ఇప్పటికీ ఎడమ చెయ్యి పైకి ఎత్తలేడు. శిక్ష పడాల్సిందే, పడింది. కానీ అది ఎన్నేళ్లో మాకు తెలియలేదు.

సెషన్స్ కోర్టు మూడు సెక్షన్ల కింద 5 ఏళ్లు, 2 ఏళ్లు, ఏడాది వేసింది. ‘ఐదేళ్లు పడింది’ అన్నారు అప్పటి మా వకీలు. అదే నమ్మాం. ఓ రోజు ములాఖత్‌లో తమ్ముడు, "అక్కా, లోపల నా లెక్క ఎనిమిదేండ్లని రాసినారంట" అన్నాడు. తీర్పు కాపీ తెప్పించుకుని చూస్తే అంతా ఇంగ్లీషు. వాడు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడేమో, మడతల దగ్గర చెమటకు అక్షరాలు అలికిపోయి ఉన్నాయి. డిగ్రీ చదివే పక్కింటి పాప చివరి పేజీ మూడుసార్లు చదివి, శిక్షలు ఏకకాలంలో అమలు చేయాలని ఎక్కడా లేదంది. ఆ మాట లేకపోతే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 31వ సెక్షన్ ప్రకారం ఒకటి అయ్యాక ఒకటి అనుభవించాలట, అంటే మొత్తం ఎనిమిదేళ్లు. శిక్షలన్నీ ఒకేసారా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది తీర్పులో స్పష్టంగా రాయాల్సిందేనని సుప్రీంకోర్టు 2019లో చెప్పినా మా తీర్పులో అది లేదు.

అప్పటికి తీర్పు వచ్చి 71 రోజులైంది. హైకోర్టుకు అప్పీలు 60 రోజుల్లో వేయాలి. ఇప్పుడు ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేసి, మన్నిస్తారో లేదోనని టెన్షన్ పడుతున్నాం.

జైల్లో ఉన్నవాడు అప్పీలు జైలు అధికారికే ఇవ్వవచ్చు, ఆయనే కోర్టుకు పంపాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద వకీలును ఉచితంగా పెడతారు. అప్పీలుకు ఉచిత న్యాయ సహాయం ఖైదీ హక్కని సుప్రీంకోర్టు 1978లోనే, హోస్కాట్ కేసులో చెప్పింది. ఇవన్నీ గడువు దాటాకే నాకు తెలిశాయి.

నేను అడిగేది ఒక్క తెలుగు కాగితం. శిక్ష పడిన మనిషి జైల్లో అడుగుపెట్టిన రోజే ఇవ్వండి. ఏ నేరానికి ఎంత శిక్ష, అవి ఒకేసారా ఒకదాని తర్వాత ఒకటా, రిమాండులో ఉన్న రోజులు ఎన్ని తగ్గుతాయి, జరిమానా కట్టకపోతే ఇంకెంత కాలం ఉండాలి, అప్పీలుకు చివరి తేదీ ఏది, అన్నీ అందులో ఉండాలి. తీర్పులో స్పష్టత లేకపోతే ఆ సంగతీ రాయించండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. ఇంకో కాపీ ఇంటికి పంపండి.

హైకోర్టు బెంచి కర్నూలుకు కావాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. అది వస్తే అమరావతి దాకా ప్రయాణం మాకు తప్పుతుంది. దానికి టైమ్ పడుతుందని తెలుసు. జైళ్లు మీ శాఖవే కాబట్టి ఈ కాగితానికి మీ ఉత్తర్వు చాలు.

పోయిన ములాఖత్‌లో నా ముందు పులివెందుల వైపు నుంచి వచ్చిన ఒకమ్మ నిలబడి ఉంది. కొడుక్కి రెండు శిక్షలు పడ్డాయట, తీర్పు వచ్చి 20 రోజులట. ఒకేసారా, ఒకదాని తర్వాత ఒకటా అని అడిగితే నా మొహం వైపు చూసింది. ఆమెకు ఇంకా 40 రోజుల గడువుంది. ఆ లోపైనా ఆ కాగితం ఆమెకు అందేలా చూడండి.

ఇట్లు,
ఒక ఖైదీ అక్క