‘ఇంగ్లండ్ సైకిల్’ కొనేముందు ఏం చూడాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ చిన్న ప్రకటనల్లోనూ, ఫోన్లలో తిరిగే అమ్మకాల ఫోటోల కిందా ఈ మధ్య ఒకే మాట తరచూ కనిపిస్తోంది: ‘వందేళ్ళ నాటి ఒరిజినల్ ఇంగ్లండ్ రాలీ, రన్నింగ్ కండిషన్’. ఫోటోలో చూస్తే కొత్త నల్ల పెయింటు, కొత్త స్టిక్కర్లు, తళతళలాడే రిమ్ములు. పాత సైకిళ్ళు బాగుచేసే మాకు ఆ తళతళే ముందు అనుమానం కలిగిస్తుంది. ఇవాళ ఏ షాపులోనూ దొరకని భాగాలు ఎన్ని చెక్కుచెదరకుండా మిగిలాయన్న దాన్ని బట్టే పాత సైకిల్‌కు ధర కట్టాలి. మిగతావన్నీ డబ్బు పెడితే వచ్చేవే.

ముందు పుట్టిన ఊరి సంగతి. రాలీ కంపెనీ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌ది, బీఎస్ఏ, హెర్క్యులిస్ కంపెనీలు అక్కడి బర్మింగ్‌హామ్‌వి. అయితే మన ఊళ్ళలో తాతల కాలం నుంచీ మిగిలిన సైకిళ్ళలో చాలా భాగం ఆ పేర్లతోనే ఇక్కడ తయారైనవి. టీఐ సైకిల్స్ 1949లో మద్రాసులో మొదలై, అంబత్తూరు ఫ్యాక్టరీలో హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ పేర్లతో చేసింది. బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ 1950ల నుంచి రాలీ, హంబర్, రడ్జ్ పేర్లతో చేసింది. ఆసన్‌సోల్ రాలీ నాసిరకమని దీనర్థం కాదు. ముందు ఫోర్కు నుంచి వెనక మడ్‌గార్డు దాకా ఒకే సైకిల్‌గా మిగిలిన సేన్-రాలీని, నాలుగు సైకిళ్ళ ముక్కలు కలిపిన ‘ఇంగ్లండ్’ సైకిల్ కంటే మేం ముందు కొంటాం. దాన్ని ఇంగ్లండ్ ధరకు మాత్రం కొనం.

ముందు గొట్టం మీది ఇత్తడి బ్యాడ్జి చూసి మోసపోవద్దు. అది రెండు రివిట్లతో నిలిచే రేకు, నకళ్ళు ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. దానికంటే చైన్‌వీలు, అంటే పెడళ్ళ దగ్గర చైను తిరిగే పెద్ద పళ్ళ చక్రం, కాస్త నమ్మదగ్గ సాక్షి. రాలీకి మూడు కొంగ తలలు, రడ్జ్‌కి చెయ్యి, హంబర్‌కి వరసగా మనుషుల బొమ్మలు, బీఎస్ఏకి ఆ మూడక్షరాలో తుపాకులో కోసి ఉంటాయి. హంబర్‌కి ముందు ఫోర్కు ఒక్కో పక్క రెండేసి సన్నటి గొట్టాలతో ఉండటం ఇంకో గుర్తు. వెనక చక్రంలో స్టర్మీ-ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్బు, అంటే చక్రం నడి భాగం, ఉంటే దాని ఒంటి మీద ఏడాది, నెల అంకెలు కొట్టి ఉంటాయి. 54 7 అని ఉంటే 1954 జూలై. అది హబ్బు పుట్టిన తేదీ మాత్రమే. చక్రం ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు కాబట్టి దాన్నిబట్టి ఫ్రేము వయసు తేల్చేయకూడదు.

ఇక ఫ్రేము. ఇది పోతే సైకిల్ పోయినట్టే, అందుకే ఎక్కువ సేపు ఇక్కడే గడపాలి. ముందు గొట్టం వెనక, పై రాడ్డూ కింది రాడ్డూ గొట్టాల్ని కలిపే తొడుగులోంచి, అంటే లగ్గులోంచి, బయటికొచ్చే చోట, అడుగు భాగాన్ని వేలితో తడమండి. ఎదురుగా దేన్నైనా గుద్దిన సైకిల్‌కి అక్కడ చిన్న మడత తగులుతుంది. కంటికి కనిపించకపోయినా పెయింటు అడ్డంగా పగిలి ఉంటుంది. తర్వాత పక్క నుంచి ఫోర్కు చూడండి. ఫోర్కు కాళ్ళు వంపు తిరిగే చోటు దాకా ముందు గొట్టానికి సరిగ్గా సాగినట్టుండాలి. వెనక్కి నెట్టినట్టుంటే గుద్దిందన్నమాట. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే ఒకచోట బిగుసుగా, ఒకచోట వదులుగా అనిపించిందా? ఫోర్కు కాడ వంగింది, లేదా బాల్సు తిరిగే కప్పుల్లో గుంటలు పడ్డాయి. కప్పులైతే మార్చుకోవచ్చు. కాడ వంగితే ఫోర్కే మార్చాలి, నాటి ఫోర్కు దొరకడం కష్టం.

వెనక చక్రం తీసే వీలుంటే దారం పరీక్ష చేయండి. వెనక ఇరుసు కూర్చునే గాడి దగ్గర దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, అవతలి గాడికి బిగువుగా లాగి కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఖాళీ రెండు పక్కలా స్కేలుతో కొలవండి. తేడా రెండు మూడు మిల్లీమీటర్ల లోపుంటే పర్వాలేదు. అంతకు మించితే ఫ్రేము పక్కకి తిరిగింది. ఉక్కు గొట్టం కాబట్టి అనుభవమున్నవాడు సరిచేయగలడు, ఆ కూలి ధరలోంచి తీసేయాలి.

మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది బరువు మోసిన గుర్తులు. పాల క్యాన్లు, గ్యాస్ బండలు, వడ్ల మూటలు ఏళ్ళ తరబడి మోసిన సైకిల్‌కి వెనక సన్న గొట్టాల మీద క్లాంపులు కొరికిన గాట్లుంటాయి, అదనపు ఊతం కడ్డీలు వెల్డింగ్ చేసి ఉంటాయి. వెనక ఇరుసు వంగి ఉండటం మామూలు. లగ్గులు ఇత్తడితో అతికినవి. వాటి పక్కన ముద్దగా వెల్డింగ్ కనిపిస్తే ఆ వేడికి గొట్టం అక్కడ పెళుసు బారి, మళ్ళీ ఆ పక్కనే చిట్లుతుంది. అలాంటి ఫ్రేముని మేం ముట్టుకోం. కోస్తా ఊళ్ళలోనైతే తుప్పు లోపల్నుంచి తింటుంది. సీటు కాడ ఊడి వస్తుందో లేదో చూడండి. పెడల్ ఇరుసు తిరిగే అడుగు గొట్టాన్ని, మెకానిక్కులు బీబీ అనేదాన్ని, స్పానరుతో తట్టి చూడండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, తినేసినది బద్దగా పలుకుతుంది.

ఆ బీబీ దగ్గరే నాటింగ్‌హామ్ రాలీ ఇంకో చిక్కు పెడుతుంది. మామూలు సైకిళ్ళ కప్పులకు అంగుళానికి 24 మర చుట్లు, రాలీకి 26. లూధియానాలో చేసిన మామూలు కప్పు చేతికి దొరికింది కదా అని దాన్ని బలవంతంగా బిగిస్తే మర తినేస్తుంది. తర్వాత కప్పు నిలవక వెల్డింగ్ చుక్క పెట్టేస్తారు. కప్పు అంచున వెల్డింగ్ చుక్క గానీ, మరల్లో చుట్టిన రేకు ముక్క గానీ కనిపిస్తే ఫ్రేము విలువ సగానికి పైగా పడిపోయిందనే మా లెక్క. ఫోర్కు కాడ మర కూడా రాలీకి 26 కాబట్టి హ్యాండిల్ కింది నట్టు దగ్గర కూడా ఇదే చూడాలి.

పెడళ్ళు బిగించే కడ్డీల, అంటే క్రాంకుల, పరీక్షకు పనిముట్టు అక్కర్లేదు. పెడళ్ళు నేలకు సమాంతరంగా పెట్టి ఒకదాని మీద బరువు వేయండి, తర్వాత సగం చుట్టు తిప్పి అదే పెడల్ మీద మళ్ళీ వేయండి. ‘టక్’మని ఆడితే క్రాంకుని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను అరిగింది. పిన్ను చవకే. కానీ రాలీ పిన్ను 9.5 మిల్లీమీటర్లు, అంగడిలో 9వీ దొరుకుతాయి. సన్నది కొట్టి నడిపితే క్రాంకు రంధ్రం కోలగా అవుతుంది, అప్పుడు ఏ పిన్నూ నిలవదు. పిన్ను మర చివర సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే దాన్ని తీయడానికి డ్రిల్లు చేయాల్సి రావచ్చు.

చక్రాలకు పుల్లలు లెక్కపెట్టండి. పాత ఇంగ్లీషు లెక్క ముందు 32, వెనక 40. రెంటికీ 36 ఉంటే చక్రాలు మారి ఉండొచ్చు. రాడ్డు బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి వైపు, పుల్లలు దిగే ముఖానికి రెండు అంచుల దగ్గర తగులుతాయి. దానికి తగ్గ గుండ్రటి అంచుల రిమ్ము కాకుండా వేరేది వేస్తే బ్రేకు పట్టదు. పుల్ల రంధ్రాల చుట్టూ తుప్పు పొరలుగా లేస్తుంటే ఆ రిమ్ము పనికిరాదు. క్రోమ్ మీద పైపై తుప్పు నీళ్ళలో ముంచిన అల్యూమినియం రేకుతో రుద్దితే పోతుంది. గుంటలు పడ్డది మాత్రం ఎంత రుద్దినా అంతే.

బేరింగుల ఖర్చు చూసి భయపడక్కర్లేదు. ముందు హబ్బుకి పక్కకి పది 3/16 అంగుళం బాల్సు, వెనక తొమ్మిది 1/4వి, బీబీకి పదకొండు 1/4వి. అన్నీ మార్చినా చిన్న మొత్తమే. బాల్సు ఆనుకుని తిరిగే కోనులు గుంటలు పడ్డాయా అన్నదే చూడాలి: ఇరుసుని రెండు వేళ్ళతో తిప్పితే ఇసుక నలిగినట్టు తగులుతుంది. చైన్‌ని 24 పిన్నుల దూరం కొలిస్తే 12 అంగుళాలు రావాలి. 12 1/8 వస్తే అది సాగిపోయింది, ఫ్రీవీలు పళ్ళు కూడా వాడిగా అరిగి ఉంటాయి. టైర్లు చిరిగాయని పెద్దగా బేరం చేయకండి, 28 × 1½ సైజు మన షాపుల్లో ఇంకా దొరుకుతోంది.

సీటు తోలుదైతే, బ్రూక్స్ కంపెనీదైతే మరీనూ, తిరగేసి చూడండి. రివిట్ల చుట్టూ తోలు చిట్లిందా? బిగువు నట్టు మర చివరిదాకా వచ్చేసిందా? అలాగైతే తోలు ఇక బిగువెక్కదు. మెత్తబడుతుందని కొబ్బరినూనె పట్టించిన సీటు ఊయలలా వేలాడుతుంది, దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

వెనకో ముందో చక్రం మధ్యలో లైటుకి కరెంటు పుట్టించే డైనోహబ్బు ఉంటే, వెలుగు ఎందుకు రావడం లేదో చూద్దామని విప్పమనకండి. లోపలి తీగచుట్ట భాగాన్ని అయస్కాంతం నుంచి ఊరికే లాగేస్తే అయస్కాంతం బలం తగ్గిపోతుంది, ఆ చోట ఇనుప రింగు పెట్టుకుంటూ తీయాలి.

చివరిగా, అమ్మేవాళ్ళతో ఒక మాట. అమ్మే ముందు పెయింటు వేయించకండి. బ్యాడ్జి కింద, క్లాంపుల కింద మిగిలిన నాటి నలుపు, బంగారు గీత అరిగినా సరే కొనేవాడికి అవే రుజువు. కొత్త పెయింటు ఫ్రేము నంబరు అంకెల్ని పూడ్చేస్తుంది, మడతల్నీ లప్పాన్నీ దాస్తుంది కాబట్టి తెలిసినవాడు ధర తగ్గించే అడుగుతాడు. లప్పం ఉన్నచోట అయస్కాంతం సరిగా అంటుకోదు, చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వచ్చేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మునిసిపాలిటీ వాళ్ళు అప్పట్లో ఇచ్చిన పన్ను బిళ్ళ ఇంకా వేలాడుతుంటే పీకేయకండి, ఊరు, ఏడాది దాని మీదే ఉంటాయి.

మీ ప్రకటనల విభాగానికి ఒక మనవి. పాత సైకిల్ ప్రకటన తీసుకునేటప్పుడు ‘వందేళ్ళ నాటి’ అన్న మాటకు బదులు ఫ్రేము నంబరు, చైన్‌వీలు బొమ్మ, ముందు వెనక పుల్లల సంఖ్య, పెయింటు నాటిదా కొత్తదా అన్న నాలుగు వివరాలు అడగండి. అవి రెండు లైన్లలో పడతాయి.

ఇట్లు,
పాత సైకిళ్ళు బాగుచేసే పనివాళ్ళం,
రాజమహేంద్రవరం